ఫలితం తెలియకముందే అడుగేసిన భాగ్యరెడ్డి వర్మ



మన గోదావరిఖని, రామగుండం, పెద్దపల్లి బస్తీల్లో బుద్ధ వందన అయిపోయి చాయ్ తాగుతూ కూర్చున్నప్పుడు కొన్ని మాటలు ప్రతిసారీ వస్తాయి. దీక్ష తీసుకుంటే పిల్లల సర్టిఫికెట్లు ఏమైతయో? బిడ్డ పెండ్లి బౌద్ధ పద్ధతిలో చేద్దామంటే వియ్యాలవారు ఒప్పుకుంటరో లేదో? ఇంట్లో పటాలు తీసేస్తే ముసలమ్మ ఊకుంటదా? ఇవి చిన్న ప్రశ్నలు కావు. అడిగేవాళ్లు పిరికివాళ్లు కూడా కాదు. వాళ్లలో చాలామంది ముప్పై ఏండ్లు బాయి పని చేసినవాళ్లు, భూమి కడుపులోకి దిగి బొగ్గు తీసినవాళ్లు. బాయిలోకి దిగడానికి భయపడని మనిషి దీక్ష కాగితం మీద పేరు రాయడానికి ఎందుకు వెనుకాడుతున్నాడు? రేపు ఏమైతదో తెలియదు కాబట్టి.

రేపు ఏమైతదో తెలియకుండానే ముప్పై మూడేండ్లు నడిచిన ఒక మనిషి జీవితాన్ని ఈసారి చెప్పుకుందాం. ఆయన మన తెలంగాణ మనిషే. పేరు మాదరి భాగ్యరెడ్డి వర్మ. ఆయన బొమ్మ చాలామంది చూసి ఉంటారు. ఆయన దారి ఎంత తెలియని దారో మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఆయన 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తండ్రి మాదరి వెంకయ్య, తల్లి రంగమాంబ. పెట్టిన పేరు భాగయ్య. ఆ ఇంటికి వచ్చిపోయే కులగురువు ఒకాయన ఆ పేరును భాగ్యరెడ్డి అని మార్చాడు. రెడ్డి అనే మాట రేడు అనే మాట నుంచి వచ్చిందని, రేడు అంటే పాలించేవాడని, ఈ నేలను మొదట ఏలినవాళ్లు మన పూర్వీకులేనని ఆ గురువు వివరణ. ఆ వివరణ చరిత్రకు నిలుస్తుందా లేదా అన్నది వేరే సంగతి. అంటరాని ఇంట్లో పుట్టిన పిల్లవానికి పాలకుని పేరు పెట్టడం ఆ కాలంలో మామూలు విషయం కాదు. నువ్వు పుట్టుకతో తక్కువవాడివి కాదు అన్న మాట ఆ పిల్లవాని చెవిలో చిన్ననాడే పడింది.

అప్పటి పరిస్థితి ఒకసారి గుర్తు చేసుకోవాలి. మన పెద్దపల్లి ప్రాంతంతో సహా తెలంగాణ అంతా నిజాం రాజ్యం. ఊర్లలో దొరలు, దేశ్‌ముఖ్‌లు. మాల మాదిగలకు వెట్టి. చెప్పులు కుట్టి ఊరికే ఇవ్వాలి, కబురు మోయాలి, పిలిచినప్పుడల్లా కూలి లేకుండా పోవాలి. చేదబావి దగ్గరికి రానీయరు. బడి అనే మాటే లేదు. సర్కారు పని అంతా ఉర్దూలో నడిచేది. ఇంట్లో మాట్లాడే తెలుగుకే బడుల్లో సరైన చోటు లేనప్పుడు, అంటరానివాడని పేరుపడ్డ పిల్లవానికి చదువు ఎక్కడ దొరుకుతుంది?

భాగ్యరెడ్డి చిన్న వయసులోనే ఇల్లు విడిచి ఒక క్రైస్తవ బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. ఆ ఇంట్లో పుస్తకాలు, పత్రికలు ఉండేవి. పని చేసుకుంటూనే అక్షరాలతో స్నేహం పెంచుకున్నారు. దేశంలో ఎక్కడెక్కడ ఏం జరుగుతున్నదో తెలుసుకున్నారు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఆయన బతుకు బాగానే గడిచేది. పట్నంలో నాలుగు అక్షరాలు వచ్చినవాడు నెల జీతం తెచ్చుకొని తన ఇల్లు తాను చూసుకోవచ్చు. మన కాలనీల్లో కూడా ఈ ఆలోచన మనకు కొత్త కాదు గదా. ఉద్యోగం వచ్చింది, క్వార్టర్ వచ్చింది, ఇంక మనకెందుకు అని.

ఆయన అట్లా అనుకోలేదు. 1906లో, పద్దెనిమిదేండ్ల వయసులో, జగన్మిత్ర మండలి అనే సంఘం పెట్టారు. ఆ రోజుల్లో మన వాడల్లో చదివేవాళ్లు ఎంతమంది? కరపత్రం వేస్తే ఎవరు చదువుతారు? అందుకని హరికథలు, భజనల దారి పట్టారు. రాత్రిపూట వాడలో జనం కూడితే కథ చెప్పడం, కథ మధ్యలో శుభ్రత గురించి, చదువు గురించి, తాగుడు గురించి చెప్పడం. అది పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. అట్లాంటి సంఘం అంతకుముందు నిజాం రాజ్యంలో నడిపి చూపించినవాళ్లు లేరు. చూసి నేర్చుకోవడానికి ముందు ఒక మనిషి లేనప్పుడు వేసే అడుగు అది.

1911లో ఆ మండలి మాన్య సంఘం అయింది. ఇక్కడి నుంచి ఆయనకు ఎదురైన కష్టం బయటివాళ్లతో మాత్రమే కాదు, సొంతవాళ్లతో కూడా. మన ఆడపిల్లలను జోగినులుగా, బసివిరాండ్రుగా, మురళీలుగా దేవుని పేరు మీద విడిచిపెట్టే ఆచారాన్ని ఆపాలన్నారు. బాల్య వివాహాలు వద్దన్నారు. పెండ్లిలో, చావులో కల్లు, సారా పారించడం వద్దన్నారు. జాతర్లలో జంతుబలి మానాలన్నారు. జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలి అనే సంస్థతో కలిసి హింస వద్దని ప్రచారం చేశారు. పై కులంవాడు తిడితే వాడంతా మన వెంట ఉంటుంది. మన ఆచారమే తప్పని చెబితే వాడలోనే ఒంటరి అవుతాం. ఇంటి దేవత కోపగిస్తుందని భయపడే తల్లికి ఆ ఆచారం మానమ్మా అని చెప్పడానికి ఎంత గుండె కావాలో బోనాల రోజు ఇంట్లో ఈ మాట ఎత్తి చూసినవాళ్లకు తెలుసు.

ఆయన దానితోపాటు వాడలోని తగాదాలను వాడవాళ్లే తీర్చుకోవడానికి పంచాయితీలు ఏర్పాటు చేశారు. ప్లేగు లాంటి రోగాలు పట్నాన్ని ఊపేసిన కాలం అది. సేవ కోసం యువకులతో స్వస్తిక్ దళ్ అనే వాలంటీర్ల దళాన్ని కూడా నడిపారు. మనల్ని ముట్టుకోవద్దన్న సమాజానికి ముట్టుకొని సేవ చేసే దళం అది. ఆ దళంలో చేరిన పోరగాండ్లకు జీతం లేదు, రోగం అంటదన్న హామీ లేదు.

ఇక బడుల సంగతి. 1910లో హైదరాబాద్‌లో ఇసామియా బజార్, లింగంపల్లి లాంటి చోట్ల మన పిల్లల కోసం తెలుగు బడులు తెరిచారు. సర్కారు భాష ఉర్దూ అయినప్పుడు తెలుగు బడి ఎందుకు, ఉద్యోగం వస్తదా అని అడిగేవాళ్లు ఉండే ఉంటారు. నెల నెలా పంతులు జీతం ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండానే ఆ బడులు మొదలయ్యాయి. చందాలు అడిగారు, మంచి మనసున్న పెద్దలను కలిశారు. ఒక్కొక్క బడి పెరుగుతూ పోయి 1930ల మొదటికి 26 బడులు, దాదాపు 2,500 మంది పిల్లలు అయ్యారు. తర్వాత ప్రభుత్వమే ఆ బడులను తీసుకొని నడపాల్సి వచ్చింది. అంటరాని పిల్లలకు చదువు చెప్పడం సర్కారు బాధ్యత అని ఒప్పించడానికి ఆయన ముందు తానే బడి పెట్టి చూపించారు. సర్కారు చేస్తదిలే అని కూర్చుంటే ఇంకో తరం పిల్లలు పశువులు కాసుకుంటూ పెద్దయ్యేవాళ్లు.

1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో ఒక పెద్ద సభ జరిగింది. గూడూరు రామచంద్రరావు అనే సంస్కర్త పూనుకున్నారు. సుండ్రు వెంకయ్య ఆహ్వాన సంఘానికి అధ్యక్షుడు. దానికి మొదట అనుకున్న పేరు ఆంధ్రదేశ పంచమ మహాసభ. అధ్యక్షత వహించడానికి హైదరాబాద్ నుంచి భాగ్యరెడ్డి వర్మను పిలిచారు. అప్పటికి ఆయనకు ఇరవై తొమ్మిదేండ్లు. బెజవాడ ఆయన ఊరు కాదు. అది బ్రిటిష్ ఇలాకా, ఆయన నిజాం ఇలాకా. సభకు వచ్చిన జనం అమ్మవారి గుడిలోకి వస్తారేమోనని ఆ రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని చెబుతారు.

ఆ సభలో ఆయన అధ్యక్షుడిగా లేచి, సభ పేరే తప్పు అన్నారు. పంచములు అనే మాట మనం పెట్టుకున్నది కాదు, నాలుగు వర్ణాల బయట ఐదోవాడిగా మనల్ని నిలబెట్టడానికి పైవాళ్లు పెట్టింది, ఈ నేలకు మొదటివాళ్లం మనమే కాబట్టి మనం ఆది ఆంధ్రులం అని వాదించారు. సభ ఒప్పుకుంది. మొదటి రోజు పంచమ సభగా కూడినవాళ్లు ఆది ఆంధ్ర సభగా ఇండ్లకు పోయారు. పిలిచిన సభలోనే, పిలిచినవాళ్ల ముందే, బోర్డు మీద రాసిన పేరును కాదనడం ఎంత తెగువో ఆలోచించండి. జనం లేచి పోవచ్చు. పిలిచిన పెద్దలు నొచ్చుకోవచ్చు. రేపటి నుంచి ఎవరూ పిలవకపోవచ్చు. ఐదేండ్లు తిరిగేసరికి, 1922లో, మద్రాసు శాసనమండలి కూడా పాత పేర్లు వదిలి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే పేర్లు వాడాలని తీర్మానించింది.

హైదరాబాద్‌లో ఆయన సంఘం 1921లో ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. చాదర్‌ఘాట్ దగ్గర ఆది హిందూ భవన్ నిలిచింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం మనవాళ్లను ఆది హిందువులు అని రాయించింది. ఈ పేరులో హిందూ అనే మాట ఉంది గదా అని ఇవాళ మనకు అనిపిస్తుంది. ఆయన లెక్కలో హిందూ అంటే ఈ దేశపు మనిషి, ఆది అంటే మొదటివాడు. ఆ పేరు ఆఖరి గమ్యం కాదని మనకు ఇవాళ తెలుసు. ఆయనకు అప్పుడు ఆ సంగతి తెలియదు. చేతికి అందిన పేరుతో అవమానపు పేరును తుడిచేశారు. ఆఖరి జవాబు దొరికేదాకా ఆగి ఉంటే పంచముడు అనే ముద్ర ఇంకెన్నేండ్లు ఉండేదో.

1930 సెప్టెంబరులో లక్నోలో అఖిల భారత ఆది హిందూ మహాసభ జరిగింది. దానికీ ఆయనే అధ్యక్షుడు. లండన్‌లో జరగబోయే రౌండ్ టేబుల్ సమావేశంలో అణగారినవాళ్ల తరఫున ఎవరు మాట్లాడాలన్నది ఆ రోజు ప్రశ్న. ఆ సభ డాక్టర్ అంబేద్కర్ పేరును బలపరిచింది. ఇవాళ మనకు బాబాసాహెబ్ అంటే ఊరూరా విగ్రహం, రాజ్యాంగం, దీక్షాభూమి. 1930లో ఇవేవీ లేవు. అప్పటికి ఆయన ముప్పై తొమ్మిదేండ్ల బొంబాయి బారిస్టరు. మనకు వేరే ప్రతినిధి అక్కరలేదు, పెద్ద పార్టీలే మన తరఫున మాట్లాడతాయనే వాదన బలంగా ఉన్న రోజులు. వయసులో తనకంటే చిన్నవాడైన మనిషి వెనుక నిలబడడానికి భాగ్యరెడ్డి వర్మ తన పెద్దరికాన్ని అడ్డం పెట్టుకోలేదు. మన సంఘాల్లో కుర్చీ కోసం జరిగే తగాదాలు చూసినప్పుడల్లా ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

1931లో భాగ్యనగర్ అనే పక్షపత్రిక మొదలుపెట్టారు. వెట్టి మాదిగ అనే కథ రాశారు. తాను మాల ఇంట్లో పుట్టి మాదిగవాని వెట్టి బాధ గురించి రాయడం చిన్న విషయం కాదు. అయినా ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. ఆయన కాలంలో మాల, మాదిగల మధ్య దూరం పోలేదు. ఉద్యమంలో చీలికలు వచ్చాయి, వేర్వేరు సంఘాలు పుట్టాయి. ఆయన వెంట నడిచినవాళ్లంతా కులాన్ని ఇంటి దగ్గర వదిలి రాలేదు. మనం ఆయనను తలుచుకోవడం అంటే ఆయన పూర్తి చేయలేని పనిని కూడా తలుచుకోవడమే.

ఇప్పుడు మనకు దగ్గరి విషయానికి వద్దాం. ఆయన బుద్ధుని వైపు ఎట్లా వచ్చారు? సాఫీ దారిలో రాలేదు. సంస్కరణ హిందువులతో, ఆర్యసమాజంవాళ్లతో కలిసి పనిచేశారు. వర్మ అనే బిరుదు 1913లో ఆర్యసమాజంవాళ్లు ఇచ్చిందే. అదే 1913లో ఆయన హైదరాబాద్‌లో బుద్ధ జయంతి జరిపారు. నాగపూర్ దీక్షకు నలభై మూడేండ్ల ముందు అన్నమాట. అప్పుడు మన వాడల్లో బుద్ధుడు ఎవరో చెప్పేవాళ్లు లేరు, విహారాలు లేవు, భిక్ఖువులు లేరు. కొడుక్కి గౌతమ్ అని పేరు పెట్టుకున్నారు. మళ్లీ 1937లో, చనిపోవడానికి రెండేండ్ల ముందు, బుద్ధ జయంతి జరిపారు. అప్పటికి బాబాసాహెబ్ 1935 అక్టోబరు 13న యేవలాలో తాను హిందువుగా చావనని ప్రకటించి ఉన్నారు. ఏ ధర్మంలోకి పోతారో మాత్రం ఇంకా చెప్పలేదు. ఆ ప్రశ్న దేశమంతా గాలిలో ఉన్నప్పుడు భాగ్యరెడ్డి వర్మ తథాగతుని జయంతి జరిపారు.

1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు. వయసు యాభై ఏండ్లు. ఆయన చూడనివి ఎన్నో లెక్కపెట్టండి. నిజాం రాజ్యం పోవడం చూడలేదు. వెట్టి పోవడం, అంటరానితనం నేరమని రాజ్యాంగం చెప్పడం చూడలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మంది ఒక్కరోజున దీక్ష తీసుకోవడం చూడలేదు. తాను నాటిన చెట్టు నీడలో ఆయన ఒక్కరోజు కూడా కూర్చోలేదు.

నాగపూర్‌లో దీక్ష తీసుకున్నవాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, మనవాళ్లు అడిగే సర్టిఫికెట్ ప్రశ్నకు అది జవాబు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను కూడా చేర్చారు. బౌద్ధులను చేర్చింది 1990లో. అంటే దీక్షాభూమిలో బాబాసాహెబ్ వెంట నిలబడ్డవాళ్లు కేంద్రం ఇచ్చే హక్కులు పోతాయని తెలిసి నిలబడ్డారు. ముప్పై నాలుగేండ్లు దానికోసం కొట్లాడారు. ఇవాళ బౌద్ధుడని రాసుకున్న ఎస్సీ మనిషికి చట్టం ప్రకారం ఆ హోదా పోదు. మనం ఇవాళ భయపడుతున్న నష్టాన్ని వాళ్లు ముందే భరించి మనకు తగ్గించి పెట్టిపోయారు.

ధమ్మం ఈ విషయంలో ఏం చెబుతుంది? అన్నీ మారేవే, ఏదీ నిలకడ కాదు, అదే అనిచ్చం. మనం దీన్ని ఎక్కువగా దుఃఖం వచ్చినప్పుడు, చావింట్లో తలుచుకుంటాం. ఇంకో వైపు నుంచి చూడండి. అన్నీ మారేవే అయితే వెట్టి కూడా మారుతుంది. దొర గడి కూడా మారుతుంది. కులం కూడా శాశ్వతం కాదు. రేపు ఏమైతదో తెలియకపోవడం మనకు భయం పుట్టిస్తుంది, కానీ అణగారినవానికి ఆశ ఉన్నది కూడా ఆ తెలియని రేపట్లోనే. రేపు కూడా నిన్నలాగే ఉంటుందని గ్యారంటీ ఉంటే మనం ఇంకా ఊరి బయట బావి గట్టున దోసిలి పట్టి నిలబడేవాళ్లం.

అట్లని కండ్లు మూసుకొని దూకమని బుద్ధుడు చెప్పలేదు. ఎవరో చెప్పారని, పుస్తకంలో ఉందని, పెద్దల నుంచి వచ్చిందని నమ్మవద్దు, పరీక్షించి, మేలు చేసేదని తేలితే పట్టుకోండి అని కాలాములకు బోధించాడు. ఇది బాయి పని చేసినవాళ్లకు విడమరిచి చెప్పక్కరలేదు. పని జాగలోకి పోయే ముందు సర్దార్ కట్టెతో పైకప్పును తట్టి చూస్తాడు. చప్పుడు విని గట్టిగా ఉందా, బోలుగా ఉందా తెలుసుకుంటాడు. బోలుగా ఉంటే ఆధారం పెట్టించాకనే పంపుతాడు. కప్పు ఎన్నడూ పడదని ఎవరూ రాసివ్వరు. అయినా తట్టి చూసి, ఆధారం పెట్టి, ముందుకు పోతారు. తట్టకుండా పోవడం మూర్ఖత్వం. తట్టినా పోకపోతే బొగ్గు పైకి రాదు. భాగ్యరెడ్డి వర్మ చేసింది ఇదే. హరికథతో తట్టి చూశారు, రెండు మూడు బడులతో మొదలుపెట్టి 26 దాకా పోయారు, ఒక సభలో పేరు మార్చి జనం మనసు తెలుసుకున్నారు.

మనం కూడా అట్లాగే మొదలుపెట్టవచ్చు. ఇంట్లో అన్ని పటాలు ఒక్కరోజే తీయలేకపోతే ముందు బుద్ధుని పటం పెట్టి, రోజూ పంచశీల చెప్పుకుందాం. ముసలమ్మతో కొట్లాడకుండా పక్కన కూర్చోబెట్టుకొని అర్థం చెబుదాం. పెండ్లి మాటలప్పుడే వియ్యాలవారికి మన పద్ధతి చెబుదాం, దాచిపెట్టి పందిట్లో గొడవ తెచ్చుకోవద్దు. సర్టిఫికెట్ సంగతి తెలిసిన మనిషిని అడిగి, నియమం కాగితం మీద చూసి, గాలి మాటలకు భయపడడం మానేద్దాం. మాల ఇల్లు, మాదిగ ఇల్లు ఒకే పంక్తిలో భోజనం చేసి, పిల్లల పెండ్లిళ్ల దాకా ఆ మాట తీసుకుపోదాం. భాగ్యరెడ్డి వర్మ కాలంలో మిగిలిపోయిన పని అది.

మన పెద్దపల్లి జిల్లాలోనే ధూళికట్ట ఉంది. సాతవాహనుల కాలం నాటి స్తూపం అక్కడ తవ్వకాల్లో బయటపడింది. తథాగతునికి పడగ పట్టిన ముచలింద నాగుని శిల్పాలు అక్కడ దొరికాయి. రెండు వేల ఏండ్ల కింద ఈ గడ్డ మీద ధమ్మం ఉన్నదని, మట్టి కప్పినా పోలేదని ఆ రాళ్లు సాక్ష్యం. 1939లో కన్నుమూసిన మనిషికి ఆ స్తూపం సంగతి కూడా తెలియదు, అది తర్వాత బయటపడింది. ఈసారి బుద్ధ పూర్ణిమకు పిల్లలను తీసుకొని అక్కడికి పోదాం. మే 22న భాగ్యరెడ్డి వర్మ పుట్టినరోజు కూడా ఆ రోజులకు దగ్గర్లోనే వస్తుంది. ఆ స్తూపం దగ్గర కూర్చోబెట్టి పిల్లలకు ఆయన కథ చెబుదాం. ఇంకా దీక్ష తీసుకోనివాళ్లను కూడా పిలుద్దాం. బలవంతం వద్దు. వచ్చి చూడమందాం, చూసినాక వాళ్లే తేల్చుకుంటారు.

జై భీమ్. నమో బుద్ధాయ.